కంబళ్ల కింద పొద్దుటి ఆట

మా మనవరాలు బెంగళూరులో సినిమాల మీద చదువుతోంది. సినిమాలు చూడటం కాదు, సినిమాల గురించి చదవటం. దానికో కాలేజీ ఉందట, పరీక్షలు కూడా ఉన్నాయట. మొదట విన్నప్పుడు నేను నమ్మలేదు. సినిమా చూస్తే చదువు పాడవుతుందని దాని నాయనను చింతబరికెతో కొట్టినదాన్ని నేను.

పోయిన సెలవుల్లో వచ్చింది. నేను చింతపండు గింజలు తీస్తుంటే పక్కన చతికిలబడి, ఫోను నా ముందు పెట్టింది.

"అవ్వా, తాత నడిపిన డేరాలో ఆ సినిమాలు ఆడినాయంట గదా?"

"ఏ సినిమాలు?"

"అవే. పెద్దోళ్లకు మాత్రమే అని రాసేటివి."

వంటింట్లో కోడలి గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఊరంతా చెప్తాండారు. నువ్వొక్కదానివే చెప్పేది లేదు."

అది రాస్తున్న పెద్ద వ్యాసం వాటి మీదేనట. మన దేశంలో సినిమా పుట్టిన కొత్తల్లోనే ఇలాంటివి ఉన్నాయంది. మాటలు రాని బొమ్మల కాలంలో ముద్దులు కూడా దాచకుండా చూపేవారట. తరువాత అది తప్పయిపోయి, ముద్దు రావలసిన చోట రెండు పువ్వులు తలలు ఆనించుకోవటం మొదలైందట. ఆ పువ్వులు నేనూ చాలా చూశాను. చిన్న చిన్న డేరాలు, రేకుల హాళ్లు కరువు కాలంలో మూతపడకుండా నిలబడ్డాయంటే ఈ సినిమాల వల్లేనని, అయినా దేవుళ్ల సినిమాల గురించి రాసినంత వీటి గురించి ఎవరూ రాయలేదని చెప్పుకుపోయింది.

"రాసినోళ్లు కూడా మొగోళ్లు చూసేటివి అని ఒక ముక్క రాసి వదిలేసినారు అవ్వా."

అక్కడ నా చేయి ఆగింది.

"మొగోళ్లే చూసినారని ఎవురన్యారు?"

అది గబగబా ఫోను దగ్గరికి జరిపింది. నేను ఫోను తీసేయమని కాగితాలు తెమ్మన్నాను. నోటితో చెప్పింది గాలికి పోతుంది, రాసింది ఉంటుంది. నా చదువు మూడో తరగతితో ఆగింది. మిగతా అక్షరాలన్నీ సినిమా పోస్టర్ల మీద నేర్చుకున్నవే, అందుకే నా రాత ఇప్పటికీ ఇంత లావు. రాసింది నేను. తప్పులు దిద్దింది మనవరాలు.

మాది తనకల్లు వైపు పల్లె. నేను మెట్టిన ఊరు మడకశిర పోయే బస్సు దారి మీద ఉంది. అక్కడ సగం మాట తెలుగు, సగం కన్నడం. మా ఆయనకు ఊరి బయట బీడులో ఒక డేరా టాకీసు ఉండేది. చుట్టూ మొలెత్తు మట్టిగోడ, దాని మీద తడికెలు, పైన గుడ్డ. లోపల మధ్యన నడుమెత్తు గోడ ఒకటి. దానికి ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. మిషను ఒకటే కాబట్టి ఒక రీలు అయిపోయి ఇంకో రీలు ఎక్కించేదాకా లైటు వేసేవాళ్లం. ఒక్కో సినిమాకు నాలుగైదు ఇంటర్వెళ్లు వచ్చేవి. జనం ఏమీ అనుకునేవారు కాదు, చూసినంత మట్టుకు మాట్లాడుకోవటానికి వీలుగా ఉండేది.

ఆడవాళ్ల గేటు నాది. టికెట్లు చించటం, జగడాలు తీర్చటం, ఏడ్చే బిడ్డను తల్లితో సహా బయటికి పంపటం నా పని. శెనక్కాయలు తిన్నవాళ్లు పొట్టు కింద వేయకూడదు, ఒళ్లో పోగుచేసుకుని పోయేటప్పుడు నా గంపలో వేయాలి. ఆ పొట్టుతో మా ఇంట్లో నీళ్లు కాగేవి. మగవాళ్ల వైపు పొట్టు కూడా అడిగాను గానీ దానిలో బీడీ ముక్కలు ఎక్కువ వచ్చేవని మానుకున్నాను.

ఒక మాట చెప్పాలి. డేరా బతుకంతా ఆడవాళ్ల వైపు ఉంటుంది. ఆడది కదిలితే పిల్లలు కదులుతారు, అత్త కదులుతుంది, వెనకాలే మొగుడు బీడీ ముట్టించుకుని వస్తాడు. ఆడవాళ్ల వైపు ఖాళీ అయిందంటే నెల తిరక్కుండా గుంజలు పీకి బండికి ఎత్తాల్సిందే. చుట్టుపక్కల అట్లా లేచిపోయిన డేరాలు నాకు తెలుసు.

ఆ రోజుల్లో మూడేళ్లు వరసగా వాన మొఖం చాటేసింది. శెనగ విత్తిన చోట విత్తనం కూడా తిరిగి రాలేదు. బోరింగు దగ్గర బిందెలు తెల్లవారుజాము నుంచే బారు తీరేవి. అటువంటప్పుడు సినిమాకు ఎవరొస్తారు? మా ఆయన ఒకనాడు పెట్టె తేవటానికని పోయి, మరునాడు బస్సు దిగాడు. రీళ్ల పెట్టెలు దించి, నా మొఖం చూడకుండా కాళ్లు కడుక్కోను దొడ్లోకి పోయాడు. ఆ కరువులో మనిషి చెంబెడు నీళ్లతో కాళ్లు కడుక్కుంటున్నాడంటేనే ఏదో తప్పు చేసి వచ్చాడని నాకు తెలిసిపోయింది.

"ఏం సినిమా అది?"

"మలయాళంది. తెలుగు మాటలు అంటించినారు."

"దేవుడిదా?"

"దేవుడు కూడా ఉండాడు. ఒక చోట గుడి కనపడతాది."

"పోస్టరు తియ్యి."

తీశాడు. మోకాటి లోతు నీళ్లలో ఒక పిల్ల, ఒంటి మీద తడి గుడ్డ ఒకటి. కింద పెద్ద అక్షరాలతో పెద్దలకు మాత్రమే అని. అంత పెద్దవి కాబట్టి నేను కూడబలుక్కోకుండా చదివాను.

"ఇది మన డేరాలో ఆడితే నేను తనకల్లు బస్సు ఎక్కుతా."

"ఆడకపోతే అందరమూ బస్సు ఎక్కాల. డేరా పీకేసి బెంగళూరుకు మట్టి మోసేకి పోదామా, చెప్పు."

సరేనన్నాను. షరతులు మాత్రం పెట్టాను. మాపటి ఆట ఎప్పటిలా దేవుడి సినిమాయే ఆడాలి. ఇది పొద్దున పూట ఆడాలి. ఆడవాళ్ల గేటు మూసి ఉండాలి. పోస్టరు మీద ఆ పిల్ల ఒళ్లు కనపడకూడదు.

పోస్టరు సంగతి నేనే చూసుకున్నాను. పాత పోస్టర్లు నేను పారేసేదాన్ని కాదు, జొన్నల కుండలకు మూతలుగా కట్టేదాన్ని. వాటిలో ఒక దేవుడి సినిమాది తీసి, దేవుడి కాళ్ల కింద మబ్బులు ఉన్న ముక్క కత్తిరించి, ఆ పిల్లకు మెడ నుంచి మోకాళ్ల దాకా అంటించాను. చాలా బాగా అతికింది. నా అంత బుద్ధిమంతురాలు లేదనుకున్నాను.

పొద్దున లేచి చూస్తే పోస్టరు ముందు ఇరవై మంది.

"ఆ మబ్బుల కింద ఏముండాదో రా అప్పా!"

"మూసినారంటే ఊరికే మూస్తారా? చానా ఉంటాది."

మూడేళ్లుగా మబ్బు అనేది చూడని ఊరు అది. మబ్బును అంత సేపు అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. దాచినదానికే గిరాకీ అని ఆ రోజు నాకు తెలిసింది.

పట్టపగలు డేరాలో బొమ్మ పడాలంటే చీకటి కావాలి. పైన గుడ్డలోంచి ఎండ జల్లెడలో పిండిలా రాలుతుంది. మా వైపు గొర్రెలు కాసేవాళ్ల దగ్గర నల్ల ఉన్ని కంబళ్లు ఉంటాయి. వానకు, చలికి, పండుకోవటానికి అవే. కంబళి తెచ్చి డేరా మీద పరిచినవాడికి టికెట్టు లేదని మా ఆయన చాటించాడు. ఆ పొద్దున చూడాలి. దారంతా కంబళ్లు భుజాన వేసుకున్న మగవాళ్లు. నెత్తిన టవలు, మొఖం సగం దాకా. మడకశిర బస్సులోంచి కూడా దిగారు. కంబళి మీద కంబళి పరిచేసరికి లోపల గుహలా అయింది. ఆట వదిలాక ఒక్కొక్కడు ఆవిరి మీద ఉడికిన కుడుములా, గొర్రె వాసన కొడుతూ బయటికి వచ్చాడు.

గేటు దగ్గర ఒక మామా అల్లుడూ ఎదురుపడ్డారు. ఇద్దరూ టవళ్లు కిందికి లాక్కున్నారు.

"ఏమి మామా, ఈ పక్క వచ్చినావు?"

"ఎద్దు తప్పిపోయిండాది రా అల్లుడూ. ఎతుకుతాండా. నువ్వు?"

"నేనూ మీ ఎద్దునే ఎతుకుతాండా మామా."

ఇద్దరూ కలిసే లోపలికి పోయారు.

నేను డేరాకు వీపు పెట్టి బయట కూర్చున్నాను. దేవుడి సినిమాకు ఈలలు వేసి, పూలు విసిరే జనం లోపల ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. ఒక్క మాటైతే ఒప్పుకోవాలి. మాపటికి ఆడిన దేవుడి సినిమా పెట్టెకు బాడిగ కట్టి నిలుపుకున్నది ఈ పొద్దుటి ఆట డబ్బుతోనే. ఆ పిల్ల నీళ్లలో నిలబడి మా ఊళ్లో దేవుణ్ణి నిలబెట్టింది. ఇది చదివి మా మనవరాలు ఎగిరి గంతేసింది, దీన్నే వాళ్ల చదువులో ఇంకో పెద్ద మాటతో చెబుతారట.

అయితే ఆ మాపు ఆడవాళ్లు రాలేదు.

సంత నాడు కదా, అలిసిపోయి ఉంటారనుకున్నాను. రెండో మాపు నలుగురు వచ్చి, గేటు దగ్గరే ఏదో చెవులు కొరుక్కుని వెనక్కి పోయారు. మూడో మాపు ఆడవాళ్ల వైపు కూర్చున్నది నేనూ, ఒక కుక్కా. మగవాళ్లు ఒక సినిమాకు ఎగబడి వస్తారు, పెట్టె పోయాక వాళ్లూ పోతారు. ఏడాది పొడుగునా డేరాను మోసేది ఈ చాపలు, ఈ చంకబిడ్డలు, ఈ శెనక్కాయలు. వీళ్లు తిరిగి రాకపోతే మా పని అయిపోయినట్లే.

ఎవరి మాట మీద ఆగారో కనుక్కోవటం కష్టం కాలేదు. ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని పెద్దమ్మ ఒకామె ఉండేది. ఆమె వద్దంటే పెళ్లిళ్లు కూడా ఆగేవి. పొద్దున్నే పోయాను. వాకిట్లో ఉలవలు చెరుగుతోంది.

"ఏం పెద్దమ్మా, డేరా పక్క కంటికే కనపడవు?"

"అది మొగోళ్ల డేరా అయిపోయ గదా మే. మాకేం పని ఆడ?"

"మాపటి ఆట దేవుడిదే పెద్దమ్మా. పొద్దుటిది వేరే."

"ఆ వేరేదాని సంగతే నేను అడుగుతాండేది." చేట కింద పెట్టింది. "మా ఇంటి ముసలాయన ఉండాడే, డెబ్బై ఏండ్లోడు, మోకాళ్లు నొప్పులని మంచం దిగడు. చెంబు కూడా నేనే అందియ్యాల. మొన్న తెల్లారి కంబళి భుజానేసుకుని లేడిపిల్ల మాదిరి దుంకి పోయినాడు. పోయొచ్చి నా పక్క చూడకుండా సంగటి మింగినాడు. ఊర్లో ప్రతి ఇంట్లోనూ అదే కథ. యాడ చూసినా దొంగ మొగాలే."

నాకు తల కొట్టేసినట్లయింది.

"తప్పే పెద్దమ్మా. ఈ పొద్దే నిలిపేయిస్తా."

"నిలిపేయమని ఎవురడిగినారు నిన్ను?"

"మరి?"

"వాళ్లు చూసినారు, మేము చూడలే. రేపు నీ డేరాలో కూచుంటే, ఎదురుగా దేవుడు కనపడినా, ఇదే తెరగుడ్డ మీద నా మొగుడు ఏమి చూసినాడో అని నా మనసు ఆడే ఉంటాది. చూపియ్."

"ఏమి?"

"చెవుడా నీకు? చూపియ్ అంటాండా. ఆడోళ్లకు ఒక ఆట ఎయ్యి. లోపల మొగ పురుగు ఉండకూడదు."

"మిషను తిప్పేది మా ఆయన గదా పెద్దమ్మా."

"ఆయనేమి ఆడోడా? నువ్వు తిప్పు. రుబ్బురోలు తిప్పలేదా నువ్వు?"

"నాకు రాదు."

"నేర్చుకో. లేదంటావా, ఈ ఊరి ఆడది నీ డేరా గడప తొక్కదు. నేను చెప్పినాక ఎవుర్తి తొక్కుతాదో చూస్తా."

మళ్లీ చేట తీసుకుంది. ఇంక మాట లేదని అర్థం.

పెట్టె తిరిగి పోవటానికి మూడు రోజులే ఉన్నాయి. మా ఆయనకు చెబితే కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు. నా మొఖం చూసి నవ్వు ఆపి, మిషను దగ్గరికి తీసుకుపోయాడు. అందులో బల్బు ఉండదు. పెన్సిళ్లలాంటి రెండు కార్బన్ కడ్డీలు ఉంటాయి. కొనకు కొన దగ్గర చేస్తే వాటి మధ్య మంట పుడుతుంది, కంటితో చూడలేనంత తెల్లటి మంట. ఆ వెలుగే బొమ్మను గుడ్డ మీదికి తోస్తుంది. కడ్డీలు కాలిపోయేకొద్దీ చిన్న చక్రం తిప్పి మళ్లీ దగ్గర చేస్తుండాలి. రీలు ఆగిపోయి మంట అట్లాగే ఉంటే ఫిలిం అంటుకుంటుంది.

"సంగటి కింద మంట చూసుకున్నట్ల చూసుకో. అంతే," అన్నాడు.

పొయ్యి సంగతి నాకు ఒకరు చెప్పాలా? రెండు రోజుల్లో పట్టుబడింది.

ఆట నాటి పొద్దున మా ఆయన కొత్త కడ్డీలు బయట పెట్టి, ఆయిలింజను నడపటానికి బయటికి పోయాడు. కరెంటు ఇచ్చేది అదే. నేను ఆ కొత్త కడ్డీలు చూశాను. ఆయన చివరిదాకా కాల్చకుండా పారేసే ముక్కలు నేను ఏడాదిగా ఒక డబ్బాలో దాస్తున్నాను. అవి వాడొద్దని ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. ఆడవాళ్ల ఒక్క ఆటకు కొత్త కడ్డీలు ఎందుకు దండగ అనిపించింది. కొత్తవి పెట్టెలో పెట్టేసి, ముక్కలు బిగించాను.

ఇరవై మంది వస్తారనుకుంటే గేటు పట్టలేదు. చాపలు, గోనెసంచులు, శెనక్కాయలు. గొర్రెల కాపరుల ఆడవాళ్లు తమ ఇళ్లలో మిగిలిన కంబళ్లు కూడా మోసుకొచ్చారు. చర్చి వీధి నుంచి పాస్టరు గారి భార్య వచ్చింది, తల మీద కొంగు తీయకుండా. పెళ్లికాని పిల్లలను మాత్రం నేను గేటు దగ్గరే నిలబడి వెనక్కి పంపాను. పోస్టరు మీద రాసింది పెద్దలకు మాత్రమే అని. మంత్రసాని పెద్దమ్మ అందరికంటే ముందు, గుడ్డకు ఎదురుగా కూర్చుంది.

మొదటి రెండు రీళ్లు కథే. ఎక్కడో కొండల్లో తేయాకు తోట, ఒక యజమాని, ఒక పనిపిల్ల. ఆ పిల్ల పొద్దెక్కిందాకా మంచం మీద ఒళ్లు విరుచుకుంటోంది.

"ఏమే, ఇంగా లేయవా? కసువు ఎవురు కొడతారు, మీయత్తా?"

"అత్త లేనట్ల ఉండాది పోనియ్యి. అదృష్టమంతురాలు."

మూడో రీలు ఎక్కించాను. పిల్ల తువ్వాలు భుజాన వేసుకుని అడవిలో నడుస్తోంది. ఎక్కడో నీళ్ల చప్పుడు. తువ్వాలు రాయి మీద పెట్టింది. జడ విప్పింది. వెలుగు పసుపయింది, ఎర్రనయింది, ఆరిపోయింది.

కంబళ్ల చీకట్లో ఒక్క అరుపు లేచింది.

"ఏమ్మే! కావాలనే ఆపినావా?"

"మొగోళ్లకు చూపిచ్చి మాకు మూస్తావా?"

రీలు ఆపి, ఇంకో ముక్క బిగించి మళ్లీ మొదలుపెట్టాను. తువ్వాలు, రాయి, జడ. మళ్లీ ఆరింది. ఈసారి మంత్రసాని గొంతు వినపడింది.

"మే, చీకటి చూసేకి మేము రాలే. చీకటి మా ఇంట్లోనే ఉండాది."

అప్పుడు గోడ అవతల నుంచి మా ఆయన కేక. లోపలికి చూడనని మాటిచ్చాడు కాబట్టి వీపు ఇటు పెట్టే అరుస్తున్నాడు.

"ముక్కలు పెట్టినావా?"

"లేదు!"

"ఇంజను చెప్తాంది. మంట ఆరినప్పుడల్లా తేలిగ్గా పరిగెత్తుతాంది. పెట్టినావు!"

నేను ముక్కల డబ్బాను కాలితో వెనక్కి తోశాను.

"కొత్తవి పెట్టవే తల్లీ. నీ పీనాసితనం తగలెయ్య, ఈ ఒక్క రోజన్నా పెట్టు!"

డేరా మొత్తం గొల్లుమంది. పాస్టరు గారి భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. నా పొదుపు గురించి ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు గానీ, మొగుడి నోట వినటం వాళ్లకు పండగయింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. కొత్త కడ్డీలు తీసి బిగించాను.

ఈసారి వెలుగు పాలలా పడింది. ఆ పిల్ల జడ విప్పి, రాళ్ల మీద నుంచి దిగి, పైనుంచి పడే నీళ్ల కిందికి పోయి నిలబడింది. ఒంటి మీద తడి గుడ్డ ఒకటే. ఏమంటారో, ఎవరు లేచి పోతారోనని నేను మిషను కిటికీలోంచి వాళ్ల తలలే చూస్తున్నాను. ఎవరూ కదలలేదు. ఎవరో మెల్లగా అన్నారు.

"యప్పా! నీళ్లు!"

అంతే, కట్ట తెగినట్లయింది.

"యాడ నుంచి వస్తాండాయే అన్ని?"

"కొండ మీద నుంచి. ఎవురూ తోడేది లేదు, కొట్టేది లేదు. వాటంతట అవే."

"ఆయమ్మ మీద పడేది చెంబెడే. తక్కినవన్నీ ఉత్తగానే పోతాండాయి చూడు."

"ఒసే, ఒక్క బిందె పెట్టుకోవే ఆ కింద!"

"బట్టలు యాడ పెట్టిందే ఆ పిల్ల?"

"బట్టలు యాడుంటే నీకేమి? నీళ్లు చూడు ముందు."

తలంటుకుని ఎన్నాళ్లయిందో లెక్క లేని ఆడవాళ్లు వాళ్లు. ఆ పిల్ల జుట్టు రెండు చేతులా పైకెత్తి నీళ్లలో వదిలితే, డేరా అంతా తమ నెత్తిన పడ్డట్లు ఊపిరి తీసింది. ఇంతలో యజమాని కొడుకు చెట్టు చాటు నుంచి వచ్చాడు. మగవాళ్లు ఊపిరి బిగబట్టింది ఇక్కడే అయి ఉంటుంది. మావాళ్లు తిట్లు లంకించుకున్నారు.

"పో రా అవతలికి! నీళ్లు పోసుకోనియ్యి ఆ పిల్లను!"

"వచ్చినోడు ఊరికే రాకుండా రెండు కడవలు తెచ్చుకోకూడదా?"

రీలు అయిపోయి లైటు వేయగానే మంత్రసాని పెద్దమ్మ వెనక్కి తిరిగింది.

"మే, అది ఇంకోసారి తిప్పు."

"కథ ముందుకు పోవద్దా పెద్దమ్మా?"

"కథకేమి, యాడికీ పోదు. తిప్పు."

చేత్తో రీలు వెనక్కి చుట్టి మళ్లీ వేశాను. ఇంకోసారి అడిగారు, ఇంకోసారి వేశాను. కడ్డీలు కాలుతున్నాయన్న సంగతి ఆ రోజు నేను తలచుకోలేదు. మూడోసారికి వాళ్లకు ఆ పిల్ల తమ ఇంటి పిల్ల అయిపోయింది. వీపు రుద్దుకోవే అని ఒకామె, చెవుల వెనక మరిచిపోయినావని ఒకామె. మంత్రసాని పెద్దమ్మ లేచి, గుడ్డ దగ్గరికి పోయి, పడే నీళ్ల కింద అరచేయి పెట్టింది. ఆమె చేతి నీడ కూడా తడిసినట్లే కనపడింది. నాకు సిగ్గు వేయాలి కదా అని చూసుకున్నాను. వేయలేదు. సంతోషం వేసింది.

ఆ తరువాత రీళ్లలో చూడవలసినవి ఏవో ఉన్నాయి గానీ మంత్రసాని పెదవి విరిచింది. "ఇంతేనా? దీనికా ఆ ముసలాయన దుంకింది? నేను దినామూ చూసేదే గదా!" అంది. ఆట వదిలాక గేటు దగ్గర నా భుజం మీద చేయి వేసింది.

"ఈ తూరి ఇట్లాంటి పెట్టె వస్తే ముందు మాకు. మొగోళ్లకు మరునాడు."

"అట్లనే పెద్దమ్మా. మాపటికి వస్తావా?"

"చాప ఈడనే పెట్టి పోతాండా. మళ్లీ మోసేదెందుకు?"

ఆ మధ్యాహ్నం ప్రతి ఇంట్లోనూ మగవాళ్లు, "ఏం చూసినారు?" అని తమ ఆడవాళ్లను అడిగారట. నీళ్లు అన్నారట ఆడవాళ్లు. ఒక్కడూ నమ్మలేదు.

మాపటికి పొద్దు గూకకముందే గేటు ముందు బారు తీరారు. అందరూ వచ్చారు, పొద్దున రానివాళ్లు కూడా. టికెట్లు చించి చించి నా వేళ్లు నొప్పి పుట్టాయి. దేవుడి సినిమా మొదలైంది. మగవాళ్లు గోడ మీదుగా తమ ఇంటివాళ్ల మొఖాలు చూస్తున్నారే గానీ బొమ్మ చూడటం లేదు. రెండో రీలులో ఒక ముని తపస్సుకు కూర్చోబోతూ, కమండలం గట్టున పెట్టి, ఎంతో భక్తిగా నదిలోకి దిగి తల మునిగాడు.

ఆడవాళ్ల వైపు ఒక్కసారిగా నవ్వు లేచింది. చిన్న నవ్వు కాదు, ఒకరి మీద ఒకరు పడి నవ్వటం. అవతలి వైపు మగవాళ్లు మొత్తం లేచి నిలబడ్డారు, ఏం జరిగిందో తెలియక ఒకసారి మునిని, ఒకసారి తమ పెళ్లాలను చూస్తూ. మా ఆయన మిషను ఆపి తల బయట పెట్టాడు.

"ఏమైందే?"

"ఏమీ లేదు, తిప్పు," అన్నాను గానీ, నవ్వు ఆపుకోలేక గేటు గుంజను పట్టుకుని నిలబడ్డాను.